ఫ్యూజు జేబులో, సర్టిఫికెట్టు గోడమీద

వాదించుకున్నది ఇద్దరు. ఒకరు విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు చూసే మేస్త్రి. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో పైపు ఫిట్టరు దగ్గర హెల్పరుగా చేరి, తర్వాత షట్‌డౌన్ పనులు, మల్కాపురం వైపు రిఫైనరీ పనులు తిరిగి, చివరికి మా సంపులూ మోటార్ల దగ్గర కుదురుకున్నాడు. రెండోవారు ఆయన మేనల్లుడు, ఒక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పే మాస్టారు. తగువు మేస్త్రి మనవడి గురించి. పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో వెయ్యాలా, తాతతోపాటు స్పానరు పట్టించాలా? గుంటణ్ని మాత్రం ఎవరూ అడగలేదు. మన ఇళ్లలో అంతే. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి నేనూ అక్కడే, సంపు మోటారు పక్కనే ఉన్నాను. రాయకూడని మాటలు తీసేశాను, తక్కినవి ఇవి.

మేస్త్రి: రెండేళ్లు చెక్కబోర్డు మీద వైరింగు చేయిస్తారు. మెట్లకాడ దీపానికి రెండు స్విచ్చీలు, గోడౌను వైరింగు, హాస్టలు వైరింగు. వైజాగ్‌లో ఏ గోడౌనుకి ఆ వైరింగుందో చూపించల్లుడూ, నేనే వీణ్ని తీసుకొచ్చి నీకాడ దింపుతాను.

మాస్టారు: బోర్డు గోడౌను కోసం కాదు మావయ్యా. కరెంటు ఎటు వెళ్లి ఎటు తిరిగొస్తోందో ఒక్కసారైనా కళ్లారా చూడాలని. గోడలో పూడ్చాక ఇంకెవరికీ కనపడదు కదా.

మేస్త్రి: కనపడనిదాన్ని పట్టుకోడమే మా పని. మొన్న మూడో అంతస్తులో వంటింటి కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటోందన్నారు. గోడంతా చెమ్మ. పెయింటరు వచ్చి పుట్టీ పెట్టి పోయాడు. ప్లంబరు వచ్చి కుళాయి పైపు బాగుందన్నాడు. ఎలక్ట్రీషియను వచ్చి లైను బాగుందన్నాడు. ఎవడూ అబద్ధం చెప్పలేదు. పైన నాలుగో అంతస్తు బాత్రూములో నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు విడిచీసింది. నీళ్లు దిగి, కింద గోడలో ఎవరో ఎప్పుడో మూసీసిన జంక్షన్ బాక్సు తడుస్తోంది. ఆ తడే కుళాయిదాకా పాకింది. ఇప్పుడు చెప్పు, ఆ గోడ ఏ ట్రేడుది? మీ పుస్తకంలో ఏ పేజీ?

మాస్టారు: ఏ పేజీలోనూ లేదు. మరి నువ్వేం చేశావు?

మేస్త్రి: ట్రాప్ పీకీసి మళ్లీ కూర్చోబెట్టాను. జంక్షన్ బాక్సు మార్చాను. అదే ఇంట్లో గీజరుకి ఎర్తు లేదని కనిపెట్టి పక్క పాయింటు నుంచి లాగాను.

మాస్టారు: పక్క పాయింటులో ఎర్తు ఉందని ఎలా తెలిసింది?

మేస్త్రి: ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టాను. వెలిగింది.

మాస్టారు: ఇదిగో, ఇక్కడ దొరికావు. వంద వాట్ల బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఎర్తు తీగ తుప్పుపట్టి దారిలో 50 ఓములు అడ్డం కూర్చున్నా బల్బు దివ్యంగా వెలుగుతుంది, నువ్వు నిశ్చింతగా ఇంటికెళ్లిపోతావు. రేపెప్పుడో గీజరులో ఫేజు బాడీకి తగిలిందనుకో. 230 వోల్టుల్ని ఆ 50తో భాగించు. అయిదు ఆంపియర్లు కూడా రాదు. ఆ లైనుకున్న ఎంసీబీ 16 ఆంపియర్లది, అది పడనే పడదు. బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. ఒక్క భాగహారం మావయ్యా. అది రాకపోతే నీ బల్బే నీకు అబద్ధం చెబుతుంది.

మేస్త్రి: అందుకే కదా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని మొత్తుకున్నాను! కొందరు పెట్టించేరు. వానాకాలంలో నాలుగుసార్లు పడిందని పీకించీసేరు. పీకమన్నోళ్లంతా నీకన్నా పెద్ద చదువులు చదివినోళ్లే.

ఇది నిజం. లీకేజీ ఉంటేనే అది పడుతుందని, పడడమే దాని ఉద్యోగమని మా వాళ్లకు సర్క్యులరు పంపాను. పనివాడికి చదువు లేదని అందరూ విసుక్కుంటారు గాని, పని చేయించుకునేవాడికి కనీస జ్ఞానం ఎవరు నేర్పుతారో ఎవరూ ఆలోచించరు. సరే, అది వేరే గొడవ.

మాస్టారు: చూశావా, ఆర్‌సీసీబీ అన్న మాట నీకు ఎవరు చెప్పారు? ఎవరో చదివినవాడే.

మేస్త్రి: చదివినోడు కాదు, ప్లాంటులో ఫోర్‌మన్ చెప్పాడు. అయితే ఒకటి. సముద్రం మీ సిలబసులో ఉందా? బీచ్ రోడ్డు పక్క ఇళ్లల్లో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు చూడు. రేకులు వేలితో ముడితే పొడైపోతాయి. ఊళ్లోపల పన్నెండేళ్లు వచ్చీ యూనిట్టు ఇక్కడ అందులో సగం కూడా రాదు. బీచీలో కురుసుర సబ్‌మెరైను ఉంది కదా, 2002లో ఒడ్డున పెట్టేరు. నీళ్లల్లోంచి తీసీసి ఇసకలో కూర్చోబెట్టినా దానికి రిపేర్లు తప్పడం లేదు. గాలే తింటోంది. ఇక్కడ స్లాబులు చూడు. కమ్మీలు చేసీ ఊరు మనది. ఆ కమ్మీలే మన నెత్తిమీద ఉబ్బి పెచ్చులు రాలుస్తున్నాయి.

మాస్టారు: తుప్పు ఇనుముకన్నా రెండు మూడింతలు ఎక్కువ చోటు అడుగుతుంది. లోపల చోటు లేదు, కాంక్రీటుని తోసేస్తుంది. ఉప్పులో క్లోరైడు కమ్మీ దాకా దిగితే...

మేస్త్రి: ఆగాగు. ఎందుకో నువ్వు చెప్పు, ఎలగో నేను చెప్తాను. పెచ్చు ఊడినచోట పైపైన సిమెంటు రాసీసి పోతారు కాంట్రాక్టరు కుర్రోళ్లు. అది ఆరునెల్ల ముచ్చట. కమ్మీ వెనకాల వేలు దూరేదాకా కాంక్రీటు కొట్టాలి. వైరు బ్రష్షుతో రుద్ది కమ్మీని తెల్లగా తేల్చాలి. మంచినీళ్లతో కడగాలి, బోరునీళ్లు పనికిరావు. కోటింగు వెయ్యాలి, అది ఆరకుండా తొందరపడకూడదు. అప్పుడు పాలిమర్ మోర్టారు. ఇంత చేసినా నాకు అంతుపట్టనిది ఒకటుంది అల్లుడూ. అతుకు వేసినచోటు రాయిలాగుంటాది. రెండేళ్లు తిరిగీసరికి దాని పక్కది లేస్తాది. నా చేతిలో దోషం ఏటి అని చూసుకుంటూనే ఉన్నాను.

మాస్టారు: చేతిలో దోషం లేదు. ఒకే కమ్మీ, ఒక ముక్క శుభ్రమైన కొత్త మోర్టారులో, పక్క ముక్క ఉప్పు తాగిన పాత కాంక్రీటులో. రెండింటి మధ్యా బ్యాటరీ పుడుతుంది. ఇన్నాళ్లూ ఎక్కువ తుప్పుపడుతున్న చోటు దాని పక్కదాన్ని కాపాడుతూ వచ్చింది. నువ్వు దాన్ని బాగుచెయ్యగానే ఆ కాపాడడం ఆగిపోయింది. అందుకని పెచ్చు ఊడినంత మేర చేస్తే సరిపోదు. సుత్తితో కొట్టి, బోలుగా పలికిన చోటల్లా చూడాలి, పక్కన ఉప్పు ఎంతుందో పరీక్ష చేయించాలి.

మేస్త్రి: (కాసేపాగి) ఇది మీ ఎలక్ట్రీషియను పుస్తకంలో ఉందేటి?

మాస్టారు: లేదు. ఒక సివిల్ ఇంజనీరు చెబితే విన్నాను.

మేస్త్రి: అయితే నీకూ మాటలోనే వచ్చింది విద్య.

మాస్టారు జవాబు చెప్పలేదు. మేస్త్రి దాన్ని గెలుపుగా తీసుకున్నాడు గాని, నాకలా అనిపించలేదు. ఇరవై ఏళ్లు కళ్లతో చూసినదానికి కారణం దొరక్కపోవడం మామూలు నష్టం కాదు. ఆ కారణం ఎవరైనా ముందే చెప్పుంటే ఎన్ని స్లాబులు రెండుసార్లు కొట్టనక్కరలేకపోయేదో. ఇంతలో మేస్త్రి హుద్‌హుద్ తుపాను మాట ఎత్తాడు. విశాఖలో ఈ వాదనలన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి చేరతాయి.

మేస్త్రి: 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలికి ఎయిర్‌పోర్టు పైకప్పే నిలబళ్లేదు. మన మేడలమీద నల్ల ట్యాంకులు కాగితాల్లాగ ఎగిరిపోయేయి. రోజులకి రోజులు కరెంటు లేదు. లిఫ్టు లేదు, మోటారు లేదు, అయిదో అంతస్తులో ముసలోళ్లు. అప్పుడు ఎవడైనా నన్ను సర్టిఫికెట్టు అడిగేడా? విరిగిన పైపుకి సైకిలు ట్యూబు చుట్టి నీళ్లెక్కించాను. జనరేటరు అద్దెకి తెచ్చి మూడు మేడలకి మోటార్లు తిప్పాను. మీ పిల్లలు ఆ రోజు ఏ బోర్డు మీద ప్రాక్టీసు చేస్తున్నారో నాకు తెలీదు.

మాస్టారు: జనరేటరు ఎలా కలిపావు?

మేస్త్రి: మెయిను దింపి కలిపాను.

మాస్టారు: చేంజోవరు స్విచ్చి ఉందా?

మేస్త్రి: ఆ రోజున చేంజోవరెక్కడ దొరుకుతాదిరా? షాపులకి షట్టర్లే లేవు.

మాస్టారు: అంటే ఒక్క మెయిను స్విచ్చి నమ్ముకుని కలిపావు. ఎవడో ఇంట్లోంచి వచ్చి, కరెంటొచ్చిందేమో అనుకుని అది పైకెత్తితే? నీ జనరేటరు కరెంటు బయటి లైనులోకి వెళ్తుంది. వీధిలో ట్రాన్స్‌ఫార్మరు ఉంది. అటునుంచి దించే ట్రాన్స్‌ఫార్మరు ఇటునుంచి ఎక్కిస్తుంది. నువ్వు పంపిన 230 అవతల వేల వోల్టులు. సప్లై లేదు కదా అని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతిలో ఉంటుంది ఆ తీగ. తుపాన్ల తర్వాత ఇలా పోయినవాళ్లూ ఉన్నారు. నువ్వు ఆ రోజు గొప్ప పనే చేశావు మావయ్యా. నేను కాదనను. అదృష్టం కూడా నీ పక్కనుంది. మా పిల్లలకి అదృష్టం సిలబసులో పెట్టలేను.

మేస్త్రి: మెయిను ఎత్తీసే మాటే లేదు. ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి.

మాస్టారు: ఏమిటీ?

మేస్త్రి: ఫ్యూజు కేరియర్లు. మూడూ పీకి జేబులో వేసుకున్నాను. జనరేటరు దింపీదాకా బయటికి తియ్యలేదు. పెళ్లికొడుకు తాంబూలంలాగ ఒంటిమీదే ఉంచుకున్నాను. పైపు లైనుమీద కూర్చున్నప్పుడు వాల్వు చక్రం పీకి ఒళ్లో పెట్టుకునీవోళ్లం, మోటారు విప్పితే ఫ్యూజు జేబులో. ప్లాంటులో మొదటి రోజు చెప్పింది ఇదే. నువ్వు పని చేస్తున్న మిషను నువ్వు తప్ప ఇంకెవడూ ఆన్ చెయ్యడానికి వీల్లేకుండా ఉండాలి. పర్మిటు కాగితం తర్వాత.

మాస్టారు: (నవ్వి) దీన్నే ఇప్పుడు లాకౌట్, ట్యాగౌట్ అని రెండు పీరియడ్లు చెబుతున్నాను. నువ్వు జేబుతో చెప్పేశావు. కానీ నీ జేబు విద్యకి కాలం చెల్లింది. ఇప్పుడు ఏ బోర్డులో ఫ్యూజు కేరియరుంది? అంతా ఎంసీబీలు. అది పీకి జేబులో వేసుకోలేవు. దింపి, నమ్మి, చెయ్యి పెట్టాలి. ఎవడో ఎత్తుతాడు. ఎంసీబీకి తగిలించే లాకు ఒకటుంది, చిన్నది, దానికి తాళం వేసి చెవి నువ్వు పెట్టుకోవాలి. పాత పద్ధతి ఎందుకు పుట్టిందో తెలిసినవాడికే కొత్త వస్తువుకి ఏం కావాలో తెలుస్తుంది. నీ దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలో ఎంతమంది ఫ్యూజు లేని బోర్డు చూసి లాకు అడిగారు?

మేస్త్రి: ఎవడూ అడగలేదు. అడిగితే కొనీవాడెవడు?

(నావైపు చూశాడు. నేను మోటారు వైపు చూశాను.)

మాస్టారు: ఇంకోటి అడుగుతాను. సెప్టిక్ ట్యాంకులోకి నువ్వు దిగేవాడివి కదా?

మేస్త్రి: దిగీవాణ్ని. ముందు లాంతరు దింపీవోళ్లం. ఆరిపోతే దిగకూడదు, వెలిగితే దిగొచ్చు.

మాస్టారు: లాంతరు గాలి ఉందో లేదో చెబుతుంది, హైడ్రోజన్ సల్ఫైడు ఉందో లేదో చెప్పదు. కుళ్లిన గుడ్ల వాసన వస్తుందంటారు. మోతాదు పెరిగితే ముందు ముక్కే చచ్చుబడుతుంది, వాసన పోయిందనుకుని ఇంకో మెట్టు దిగుతారు. ఒకడు పడితే వాణ్ని తియ్యడానికి రెండోవాడు, వాడికోసం మూడోవాడు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దింపడం నేరం. 2023లో సుప్రీంకోర్టు, పోయినవాడి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది. ఇవన్నీ తెలిసినవాడు దిగనంటాడు. నీతో తిరిగే కుర్రాడు దిగనంటాడా?

మేస్త్రి: నేను దిగనివ్వను. పదేళ్లయింది మానీసి. మిషను బండి పిలుస్తాను.

మాస్టారు: నువ్వు మానేశావు. పక్క మేస్త్రి మానలేదు. అదే నా బాధ. మేస్త్రి మంచివాడైతే కుర్రాడు బతుకుతాడు, లేకపోతే లేదు. చదువు అన్నది మేస్త్రి మంచితనంమీద ఆధారపడకూడదు.

మేస్త్రి: బాగుంది. మరి చదువుకున్నోళ్లున్న చోట మనుషులు పోలేదా? 2020 మే 7, వెంకటాపురం. పాలిమర్స్ ఫ్యాక్టరీ. తెల్లారగట్ట గ్యాసొచ్చి 12 మంది పోయేరు. అక్కడ వైర్‌మన్లు, ఫిట్టర్లు, ఇంజనీర్లు, అందరికీ సర్టిఫికెట్లున్నాయి కదా.

మాస్టారు: ఉన్నాయి. లాక్‌డౌనుతో ఫ్యాక్టరీ ఆగింది, ట్యాంకులో స్టైరీను ఆగలేదు. కదిలించకపోతే లోపల్లోపల వేడెక్కే సరుకది. ఉష్ణోగ్రత ట్యాంకు అడుగున చూసేవారు. పైన ఎంతుందో తెలియలేదు. ప్రభుత్వ కమిటీ నివేదికలో ఉన్నదే చెబుతున్నాను. మీటరు చదవడం వచ్చు, ఆ మీటరు దేన్ని చూడడం లేదో అడగడం రాలేదు. నీ బల్బు కథే అది, పెద్ద అంకెల్లో.

మేస్త్రి: అంటే సర్టిఫికెట్టు చాలదని నువ్వే అన్నావు.

మాస్టారు: చాలుతుందని ఎప్పుడన్నాను? అక్కర్లేదన్నది నువ్వు.

ఇద్దరూ టీ తాగారు. ఆ విరామంలో మనవడు మెట్లమీద కూర్చుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. వాడి సంగతి మళ్లీ ఎత్తింది నేనే.

మాస్టారు: వీణ్ని ఎలక్ట్రీషియన్‌లో వేద్దాం. రెండేళ్లు. తర్వాత అప్రెంటిసు. నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలుంది, స్టీలు ప్లాంటుంది, షిప్‌యార్డుంది, పోర్టుంది. 1961 చట్టం. 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ అప్రెంటిసుల్ని తీసుకోవాల్సిందే. స్టైపెండు కూడా ఉంటుంది, 2019 నిబంధనల్లో ఐటీఐ వాళ్లకి కనీసం 7000 అని పెట్టారు.

మేస్త్రి: ఏడాదయ్యాక ఉద్యోగం ఇస్తారా?

మాస్టారు: ఇవ్వాలని చట్టంలో లేదు.

మేస్త్రి: అప్పుడు ఎక్కడికొస్తాడు? ఇక్కడికే. ఇలాంటి మేడకే. ఇక్కడెంతమంది ఉన్నాం? నేను, వాచ్‌మన్, ఊడ్చీ అమ్మాయి. 30 మంది ఎక్కడ? మీ అప్రెంటిసు చట్టం మా గుమ్మం ఎక్కదు. ఊళ్లో ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని హోటళ్లు, ఎన్ని చిన్నాసుపత్రులు! రేపు మీ పిల్లల్లో ఎక్కువమంది బతికీది వీటిమీదే. ఆ పని నేర్పడానికి సర్కారు ఒక్క కుర్చీ వెయ్యలేదు. వేసినోణ్ని నేనే. నా కుర్చీకి పేరు లేదు.

ఈ ఒక్కచోట మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. నాకు తోచింది చెబుతాను: ఆ సాయంత్రం మొత్తంలో అసలు విషయం ఇదే. యుద్ధనౌకకో బ్లాస్ట్ ఫర్నేసుకో మనిషిని తయారుచేసే దారి ఈ ఊళ్లో ఉంది; అది 1950 నుంచి నడుస్తున్న కేంద్ర శిక్షణ పథకం వేసిన దారి, మంచిదే. మన నెత్తిమీది ట్యాంకుకీ మన కాళ్లకింది సంపుకీ మనిషిని తయారుచేసే దారి లేదు. ఆ మనిషి ప్లంబరూ, ఎలక్ట్రీషియనూ, కొంత తాపీ మేస్త్రీ కలిసినవాడు కావాలి. అలాంటి ట్రేడు బోర్డు ఏ ఐటీఐ గుమ్మంలోనూ నేను చూడలేదు.

మాస్టారు: నీ కుర్చీకి పేరు పెట్టించుకోవచ్చు. పని వచ్చినవాళ్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ అని.

మేస్త్రి: వెళ్లొచ్చాను. ఫొటో తీసేరు, టోపీ ఇచ్చేరు. స్క్రూడ్రైవరు చేతికివ్వలేదు. ఆ కాగితం ఇంట్లో గోడకుంది, మీ అత్త ఫ్రేము కట్టించింది. దానితో వైర్‌మన్ పర్మిట్ వస్తాదా?

మాస్టారు: రాదు. పర్మిట్ వేరే. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేటు ఇవ్వాలి.

మేస్త్రి: అందుకే ప్యానలు పని నేను చేస్తాను, లైసెన్సు కాంట్రాక్టరు సంతకం చేస్తాడు. వాడెప్పుడూ మేడెక్కి చూడడు. ఏదైనా అయితే పేరు వాడిది, ఒళ్లు నాది.

మాస్టారు: అందుకే వీడికి పర్మిట్ ఉండాలంటున్నాను మావయ్యా. నీ పని వీడు చెయ్యకూడదని కాదు. నీ పని వీడు తన సంతకంతో చెయ్యాలని.

మేస్త్రి: (మనవడి వైపు చూసి) అయితే ఒక షరతు. ఆదివారాలు, సెలవులు నాకాడ. మొదట్నుంచీ.

మాస్టారు: సరే. కానీ ప్యానల్ ముట్టుకోకూడదు. మొదటి ఏడు నీళ్ల లైను మాత్రం నేర్పు.

మేస్త్రి: నీళ్ల లైను మోటారుకాడికెళ్తాది. మోటారు విప్పకుండా ఫుట్ వాల్వు ఎలగ చూపించను? గుంటడికి సగం సంపు నేర్పమంటావేటి?

మాస్టారు: అయితే ఐసోలేటరుకి తాళం వెయ్యి. నీకొకటి, వాడికొకటి. రెండూ పడితేగాని విప్పకూడదు, ఎవరి తాళం వాళ్లే తియ్యాలి. డూప్లికేటు చెవి ఉండకూడదు.

మేస్త్రి: రెండు తాళాలు పట్టీ కొక్కెం కావాలి దానికి. సెక్రటరీగారూ, విన్నారు కదా?

వచ్చే జనరల్ బాడీలో పెడతానన్నాను.

మేస్త్రి: ఆర్‌సీసీబీలు కూడా జనరల్ బాడీలోనే ఉన్నాయి కదండీ, ఇంకా.